ఇంగ్లీషు క్రియయు దాని సహవాసమును

పై తరగతుల విద్యార్థులలో ననేకులు ఇంగ్లీషు పదములు వేలకొలది కంఠస్థము చేసియు నాలుగు వాక్యములు నిర్దుష్టముగా వ్రాయజాలకున్నారు. దీనికి బుద్ధిమాంద్యము కారణము కాదు. నేర్చుకొను పద్ధతియే కారణము. నోటుపుస్తకమున నడుమ నొక గీత గీసి, ఎడమవైపున 'లుక్' అనియు, కుడివైపున 'చూచుట' యనియు వ్రాసికొందురు. అర్థము సరియైనదే. కాని ఇంగ్లీషు క్రియ యొంటరిగా సంచరించునది కాదు. దాని వెంట నే ప్రిపొజిషను నడచునో, సర్వనామ మెచ్చట నిలుచునో, సంఖ్య చేరినప్పుడు వాక్య మెట్లు మారునో తెలియనిదే ఆ క్రియ మనకు వచ్చినట్లు కాదు. 'లుక్ ఎట్' అనిన చూచుట. 'లుక్ ఫర్' అనిన వెదకుట. 'లుక్ ఆఫ్టర్' అనిన సంరక్షించుట. ఈ మూటిని ఎఱుగనివాడు 'లుక్' అను క్రియను సగమే యెఱిగినవాడు.

ఇది మనకు క్రొత్త సంగతి యేమియు కాదు. తెలుగులోను ప్రతి క్రియయు తనకు కావలసిన విభక్తిని తానే కోరుకొనును. అడుగునప్పుడు 'అతనిని' అడుగుదుము. చెప్పునప్పుడు 'అతనితో' చెప్పుదుము. కోపము వచ్చినచో 'అతనిమీద' కోపపడుదుము. పరవస్తు చిన్నయసూరిగారు 1858 లో వెలువడిన తమ బాలవ్యాకరణమున కారకపరిచ్ఛేదమును ఈ విభక్తుల వినియోగమునకే ప్రత్యేకించిరి. తల్లియొడిలో నేర్చిన భాష గనుక, 'అతనిమీద' అననేల, 'అతనిని' అనరాదా యని మన మెన్నడును ప్రశ్నింపలేదు. చిక్కెక్కడ ననగా, ఆ యలవాటునే ఇంగ్లీషులోనికి తీసికొనిపోవుచున్నాము.

అతనిమీద కోపము గనుక 'యాంగ్రీ ఆన్ హిమ్' అని వ్రాయుదురు. ఆంగ్లేయులు 'యాంగ్రీ విత్ హిమ్' అందురు. అతనితో చెప్పెను గనుక 'టోల్డ్ విత్ హిమ్' అని వ్రాయుదురు. 'టోల్డ్ హిమ్' అని కాని, 'సెడ్ టు హిమ్' అని కాని యుండవలెను. నా మాట వినుము అనుటకు 'లిజన్ మీ' యందురు. అచ్చట 'టు' లేనిదే వాక్యము నిలువదు. అన్నిటికంటె నెక్కువసారులు ఎఱ్ఱసిరాతో దిద్దవలసివచ్చునది 'డిస్కస్ అబౌట్'. విషయమునుగూర్చి చర్చించితిమి అను తెలుగు వాక్యములోని 'గూర్చి' యే దీనికి మూలము. 'టాక్' అను క్రియకు 'అబౌట్' కావలెను. 'డిస్కస్' దాని నడుగదు. రెండింటికిని అర్థము దగ్గఱదే యైనను సహవాసము వేఱు.

ఇంతవఱకు చెప్పినది ఓర్పుతో నభ్యసించినచో లొంగును. సర్వనామము నిలుచు చోటు మాత్రము ఇంకను సూక్ష్మమైనది. క్రియకు చిన్నపదము చేరి అర్థము మారిపోవుట విదేశీయులకు మిక్కిలి కష్టము కలిగించునని శామ్యూల్ జాన్సను పండితుడు 1755 లో ప్రకటించిన తన నిఘంటువు పీఠికయందే గుర్తించియున్నాడు. కోటు తొడుగుకొనుటను 'పుట్ ఆన్ ది కోట్' అనవచ్చును, 'పుట్ ది కోట్ ఆన్' అనియు అనవచ్చును. కాని 'కోట్' అను నామము తీసి 'ఇట్' అను సర్వనామము పెట్టినచో ఆ స్వేచ్ఛ పోవును: 'పుట్ ఇట్ ఆన్' అనియే పలుకవలెను. 'లుక్ ఎట్ ది పిక్చర్' అను వాక్యమున నిట్లు చేసి చూడుడు. 'లుక్ ఎట్ ఇట్' అగునే కాని 'లుక్ ఇట్ ఎట్' కాదు. కారణమేమనగా, మొదటిదానిలో 'ఆన్' క్రియతో కలిసి యొక్క మాటయైనది. రెండవదానిలో 'ఎట్' తన వెనుక వచ్చు నామమును పట్టుకొనియున్నది. బిగ్గఱగా పలికి చూచినచో చెవికే తెలియును: 'పుట్ ఇట్ ఆన్' లో ఊనిక 'ఆన్' మీద పడును, 'లుక్ ఎట్ ఇట్' లో 'లుక్' మీద పడును.

ఇది కేవలము వ్యాకరణకర్తల ముచ్చట యని తలపవలదు. ఒక విద్యార్థి తన్ను చదివించిన మేనమామకు కృతజ్ఞత తెలుపుచు లేఖ వ్రాయుచున్నాడనుకొనుడు. 'యు సా మీ త్రూ' అని వ్రాసినచో, కడవఱకు నాకు తోడై గట్టెక్కించితిరి అని యర్థము. 'యు సా త్రూ మీ' అని వ్రాసినచో, నా కపటమును మీరు కనిపెట్టితిరి అని యర్థము. నాలుగు మాటలును అవియే. సర్వనామ మొక్కటి స్థానము తప్పినది. అట్లే 'గెట్ ఓవర్ ఇట్' అనిన వ్యాధినుండి కాని దుఃఖమునుండి కాని తేరుకొనుట. 'గెట్ ఇట్ ఓవర్' అనిన ఇష్టములేని పనిని త్వరగా ముగించుకొనుట. 'హి టర్న్‌డ్ ఇట్ ఆన్' అనిన దీపము వెలిగించెను; 'ఇట్ టర్న్‌డ్ ఆన్ హిమ్' అనిన, కుక్క విషయమైనచో, వానిపై తిరుగబడెను.

సర్వనామమును విడిచిపెట్టుట వేఱొక తప్పు. మన 'వచ్చితిని' అను నొక్క మాటలోనే 'నేను' ఇమిడియున్నది. ఇంగ్లీషు 'కేమ్' లో ఎవరును లేరు. వాన కురియుచున్నదనునప్పుడు సైతము వారు 'ఇట్' అను నర్థములేని కర్త నొకదానిని నిలిపి 'ఇట్ ఈజ్ రెయినింగ్' అందురు.

ఇక సంఖ్యలు. ఇచ్చట పొరపాటునకు వెల రూపాయలలోనే చెల్లింపవలసివచ్చును. ఒకని దినకూలి 400 రూపాయలు. యజమాని పత్రమున 'రైజ్‌డ్ టు 500' అని యున్నచో వానికి 100 రూపాయలు హెచ్చినవి. 'రైజ్‌డ్ బై 500' అని యున్నచో కూలి 900 రూపాయలైనది. సంఖ్య యొక్కటే, క్రియ యొక్కటే; రెండక్షరముల ప్రిపొజిషను దినమునకు 400 రూపాయల భేదము తెచ్చినది. తెలుగులో '500 లకు పెంచిరి', '500 లు పెంచిరి' అనుటలోను ఇదే భేదము కలదు. కాని మనము 'కు' ను మఱచిపోము, 'టు' ను మఱచిపోవుదుము.

లెక్కల తరగతిలోని యొక వింత చూడుడు. మన బడులలో 'ఫైవ్ ఇన్‌టు ఫోర్' అనిన 5 ను 4 తో గుణించుట యని యర్థము. ఇంగ్లండులో 'ఫోర్ ఇన్‌టు ట్వెంటీ' అనిన 20 లో 4 ఎన్నిమారులు పోవునని భాగించుట. గుణకారమునకు వారు 'టైమ్స్' అనియో 'మల్టిప్లైడ్ బై' అనియో అందురు. మన వాడుక మన దేశమున చెల్లును గాని, పైదేశమువారితో లెక్క చెప్పునప్పుడు జాగ్రత్తపడవలెను.

'నుండి' యను మన ప్రత్యయము సంవత్సరమునకును సంవత్సరముల సంఖ్యకును సరిపోవును: 2020 నుండి, మూడేండ్లనుండి. అందుచేత మనవారు 'ఐ యామ్ స్టడీయింగ్ హియర్ సిన్స్ త్రీ ఇయర్స్' అని వ్రాయుదురు. 'సిన్స్' ఆరంభమైన కాలమునకు; గడచిన కాలపు కొలతకు 'ఫర్'. క్రియయు మారవలెను: 'ఐ హావ్ బీన్ స్టడీయింగ్ హియర్ ఫర్ త్రీ ఇయర్స్'. 'టూ ఆఫ్ అస్ వెంట్' అనిన మాలో ఇద్దఱు వెళ్లిరి; 'ది టూ ఆఫ్ అస్ వెంట్' అనిన మేమిద్దఱము వెళ్లితిమి. '500 రుపీస్ ఈజ్ ఎనఫ్' అనుటలో రూపాయలు బహువచనమైనను మొత్తము నొక్కటిగా తలచుటచే 'ఈజ్' వచ్చినది. 'వన్ ఆఫ్ ది బాయ్' అను తప్పునకు మాత్రము తెలుగును నిందింప వీలులేదు; మనమును 'బాలురలో నొకడు' అని బహువచనమే చెప్పుదుముగదా! అది వట్టి యజాగ్రత్త.

ఈ సహవాసమును శ్రద్ధగా పరిశీలించినవారు ఇంగ్లీషును పరభాషగా బోధించిన యుపాధ్యాయులే యగుట గమనింపదగినది. హెరాల్డ్ పామర్ 1922 లో జపానుకు వెళ్లి యచ్చట ఇంగ్లీషు బోధనను సంస్కరింప పూనుకొనెను. ఆయన 1938 లో ప్రకటించిన గ్రంథమున, సామాన్యపదములు ఒక్కొక్కటి వాక్యమున నెట్లు ప్రవర్తించునో చూపెను. జపానులోనే బోధించిన హార్న్‌బీ, మఱి యిద్దఱతో కూడి కూర్చిన నిఘంటువు 1942 లో టోకియోలో వెలువడెను. అందు క్రియల వాక్యరీతులను 25 గా విభజించిరి. అదియే 1948 లో ఆక్స్‌ఫర్డు ముద్రణగా వచ్చి, పిమ్మట లోకమంతట వ్యాపించెను. మన పుస్తకశాలలోని ఆక్స్‌ఫర్డు విద్యార్థినిఘంటువు దాని సంతతియే. దానిని తెఱచి అర్థము మాత్రము చూచి మూసివేయక, క్రింద నిచ్చిన యుదాహరణవాక్యములు చదువుడు.

నోటుపుస్తకమున నడిమిగీత మానివేయుడు. క్రొత్తక్రియ కనబడినప్పుడు పూర్తివాక్యము వ్రాసి, దాని క్రింద నామమునకు బదులు సర్వనామము పెట్టి మరల వ్రాయుడు. సంఖ్య చేరు క్రియయైనచో 'టు' తో నొకటి, 'బై' తో నొకటి వ్రాసి ఫలితమును లెక్కకట్టుడు. మొదట 'పుట్ ఆఫ్', 'కాల్ ఆన్', 'గివ్ అప్', 'వెయిట్ ఫర్', 'రెడ్యూస్' అను నైదింటిని తీసికొనుడు. మొదటి నాలుగింటిలో రెండు సర్వనామమును నడుమ నిముడ్చుకొనును, రెండు ఇముడ్చుకొనవు. అవి యేవియో బిగ్గఱగా పలికి తేల్చుకొనుడు.