చదును కప్పుకు రబ్బరు పొర: లాభనష్టాలు

వానాకాలంలో గిడ్డంగి కప్పు కారితే నష్టం గోడలతో ఆగదు. మిర్చి, పసుపు, పప్పుధాన్యాలకు తేమ తగిలితే బూజు పడుతుంది, రంగు చెడుతుంది, ధర పడిపోతుంది. అందుచేత చదును కాంక్రీటు కప్పులు గల గిడ్డంగుల యజమానులు తారు ఫెల్టుకు బదులు రబ్బరు పొర వేయించదలచినప్పుడు, దాని గుణదోషాలను ముందుగా బేరీజు వేసుకోవడం అవసరం.

ఇది రబ్బరు చెట్ల పాల నుంచి తయారయ్యే సరుకు కాదు. ఇథిలీన్, ప్రొపిలీన్ ప్రధానంగా తయారయ్యే ‘ఇ.పి.డి.ఎం.’ అనే కృత్రిమ రబ్బరు. కనుక దీని ఖరీదుకు కొట్టాయం రబ్బరు ధారణతో కంటె పెట్రో రసాయనాల ధరలతోనే సంబంధం ఎక్కువ. తారుకు కూడా మూలం ముడిచమురే. అయితే తారు కప్పుకు పలు వరుసలు కావాలి. దీనికి ఒక్క పొర చాలు. 1973 చమురు సంక్షోభంలో తారు ప్రియమైన తర్వాత అమెరికాలో దీని వాడకం బాగా వ్యాపించింది.

లాభాలు: ఎండను, వానను, ఓజోన్ వాయువును ఈ పొర బాగా తట్టుకుంటుంది. వేడికి, చలికి కప్పు కదిలినా చిట్లక సాగుతుంది. వెడల్పాటి చుట్టలుగా లభిస్తుంది కనుక అతుకులు తక్కువ. తారు కాచే పని లేదు. పత్తి, గోనెసంచులు నిల్వ ఉన్నచోట ఇది చిన్న సౌకర్యం కాదు. సక్రమంగా వేసిన పొర 20 నుంచి 30 ఏళ్లు మన్నగలదు. చిన్న చిరుగులకు అతుకు వేస్తే సరిపోతుంది.

నష్టాలు: అతుకులు, పిట్టగోడ అంచులు, తూముల వద్ద పని నాసిగా ఉంటే నీరు అక్కడే దిగుతుంది. కొక్కెం, మేకు గుచ్చుకుంటే చిల్లు పడుతుంది. కనుక డాబాపై సరుకు ఆరబోసే అలవాటు గలవారికి ఇది అనుకూలం కాదు. నూనె, గ్రీజు తగిలితే రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. నూనె మిల్లు గొట్టాల ఆవిరి పడేచోట వాడరాదు. నల్లని పొర ఎండకు బాగా వేడెక్కుతుంది. తెల్ల పూత వేయిస్తే ఖర్చు పెరుగుతుంది. పాత తారుపై నేరుగా పరచరాదు. తడి ఆరని కాంక్రీటుపై అంటిస్తే బుడగలు లేస్తాయి.

కోస్తా జిల్లాలలో తుపాను గాలిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. పొర ఎగరకుండా గులకరాళ్లు పరిస్తే చదరపు మీటరుకు సుమారు 50 కిలోల బరువు పడుతుంది. కప్పు అంత భారం మోయగలదో లేదో ఇంజనీరు చేత పరీక్ష చేయించాలి.

బేరం కుదిర్చేటప్పుడు చదరపు అడుగు ధరనే చూడక మందం, అతుకుల పని, పూచీ కాలం కాగితంపై రాయించుకోవడం శ్రేయస్కరం. కప్పు భారం మోయగలదని తేలితే, తూములు మూసి 24 గంటలు నీరు నిలిపి చూసిన తర్వాతే తుది పైకం చెల్లించడం మేలు. కప్పుపై చేసే పొదుపు ఒక్క వానకు సరుకు రూపంలో పోవచ్చు.