తాళం తిప్పితే టక్‌మంది

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో మరబోట్లు వేటకు వెళ్లకూడదు. 61 రోజుల నిషేధం ముగిసింది. జెట్టీ దగ్గర అందరూ వేటకు సిద్ధమవుతున్నారు.

మరిది పాత బోటు ఇంజను తాళం తిప్పాడు. "టక్" అని చప్పుడు వచ్చింది. ఇంజను తిరగలేదు.

"బ్యాటరీ పోయింది వదినా. కొత్తది కొనాలి" అన్నాడు.

వదిన గుండె గుభేలుమంది. ఐసుకీ, డీజిలుకీ అప్పటికే అప్పు చేశారు.

"కొనే ముందు మేస్త్రికి చూపిద్దాం" అంది.

మేస్త్రి వచ్చాడు. ముందు ఇంజను గది మూత తీయించాడు.

"గాలి ఆడాలమ్మా. బ్యాటరీ నుంచి మండే గ్యాసు వస్తుంది. బీడీ, అగ్గిపుల్ల దగ్గరికి తేకండి" అన్నాడు.

"తాళం తిప్పితే ఏమవుతుంది బాబూ?" అని వదిన అడిగింది.

"బ్యాటరీ కరెంటు సెల్ఫ్ మోటారుకి పోతుంది. అది ఇంజనును తిప్పుతుంది. డీజిల్ ఇంజనుకి స్పార్కు ప్లగ్గు ఉండదు. గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకుంటుంది. ఇప్పుడు బోటులో దీపం వేసి, తాళం తిప్పి చూడండి."

తాళం తిప్పగానే దీపం బాగా మసకబారింది.

"బ్యాటరీలో బలం తగ్గి ఉండాలి. లేదా వైరు బిగింపు చెడి ఉండాలి. దీపం మసకబారకపోతే తాళం స్విచ్చి, దాని వైరు చూసేవాళ్లం" అన్నాడు మేస్త్రి.

బ్యాటరీ మీద తెల్లగా, పచ్చగా బూజులాంటి పొడి పేరుకుంది.

"ముందు మైనస్ వైరు విప్పాలి. ఏది మైనస్?"

"నల్లది కదా?" అన్నాడు మరిది.

రెండు వైర్లూ నల్లవే! ఎప్పుడో ఎవరో దొరికిన వైరు వేసేశారు. వదిన టార్చిలైటు వేసి చూసింది. బ్యాటరీ మీద గుర్తులు కనిపించాయి. చదువుల కేంద్రంలో కూడికలు, తీసివేతలు చేసిన గుర్తులే.

"ఇది కూడిక గుర్తు, ప్లస్. అది తీసివేత గుర్తు, మైనస్" అంది.

"బాగా చెప్పావమ్మా. పాత బోటులో రంగును నమ్మకూడదు. గుర్తు చదవాలి."

మేస్త్రి మెయిన్ స్విచ్చి ఆపాడు. మైనస్ వైరు, తర్వాత ప్లస్ వైరు విప్పాడు. వంటసోడా నీళ్లతో పొడి కడిగాడు. ఆ నీళ్లు బ్యాటరీ లోపలికి పోనివ్వలేదు. తుడిచి, గరుకు కాగితంతో రుద్దాడు. ముందు ప్లస్, చివర మైనస్ బిగించాడు. పైన గ్రీజు రాశాడు.

మరిది తాళం తిప్పాడు. ఇంజను గుడగుడమంటూ అందుకుంది. కొత్త బ్యాటరీ ఖర్చు తప్పింది.

"ఇదే సముద్రం మధ్యలో జరిగితే బోటు కొట్టుకుపోయేది. ప్రతి వేటకు ముందు బిగింపులు చూడండి" అన్నాడు మేస్త్రి.

వదిన పుస్తకంలో తేదీ వేసింది. ఇలా రాసింది: "మైనస్ దగ్గర ఉప్పు పొడి. కడిగి బిగించాం. వైర్లకు రంగు గుడ్డ కట్టాలి: ప్లస్‌కి ఎరుపు."

చెప్పండి:
1. బ్యాటరీ దగ్గర బీడీ ఎందుకు కాల్చకూడదు?
2. ముందు ఏ వైరు విప్పాలి? చివర ఏది బిగించాలి?
3. మీ ఇంట్లో టార్చిలైటు బ్యాటరీ మీద + గుర్తు ఎక్కడుందో చూడండి.