చూసిందెంత, అనుకున్నదెంత

కర్నూలు, కడప జిల్లాల ఉన్నత పాఠశాలల్లో భౌతికశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. కొత్తగా ఉద్యోగంలో చేరిన సైన్సు టీచర్లు ఇంటికొచ్చినప్పుడు అడుగుతుంటారు, సూత్రాలూ నిర్వచనాలూ కాక పిల్లలకు ముఖ్యంగా ఏం నేర్పాలని. కంటితో చూసిందేమిటో, దాన్నిబట్టి మనం అనుకున్నదేమిటో విడదీసి చెప్పడం నేర్పండి అంటాను. అది రాని పిల్లవాడికి వందకు వంద వచ్చినా సైన్సు వచ్చిందని నేను ఒప్పుకోను. నాకు అనుభవం మీద తేలిన సంగతులు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

1. పరిశీలన గడిలో పదార్థం పేరు రాయనివ్వకండి.

మైలుతుత్తం ద్రావణంలో ఇనుప మేకు వేయిస్తాం. కాసేపాగి ‘ఏం చూసినార్రా’ అంటే క్లాసంతా ఒక్క గొంతుతో ‘మేకు మీద రాగి పట్టింది సార్’ అంటుంది. రాగి అనేది పుస్తకం చెప్పిన మాట. వాళ్ళు చూసింది ఎర్రటి గోధుమరంగు పూత. నీళ్ళలో నీలం పలచబడటం కూడా చూశారు, కానీ అది ఎవరూ చెప్పరు. తుప్పు కూడా ఇంచుమించు ఆ రంగులోనే ఉంటుంది కదా, ఇది తుప్పు కాదని ఎట్లా తెలుసు? రంగు రాసిన పిల్లవాడికి ఈ ప్రశ్న వస్తుంది. రాగి అని రాసినవాడికి రాదు.

ఇంటర్‌లో లవణ విశ్లేషణ పట్టికకు మూడు గడులు: ప్రయోగం, పరిశీలన, అనుమితి. మూడింటినీ కలిపి బట్టీ కొట్టి వస్తారు. ఆ అలవాటు పడకముందే, ఎనిమిదో తరగతిలోనే నియమం పెట్టండి. పరిశీలనలో రంగు, వాసన, చప్పుడు, వేడి, కొలత, లెక్క, పట్టిన సమయం మాత్రమే ఉండాలి. పదార్థం పేరూ, ‘ఎందుకంటే’ అనే మాటా పక్క గడిలోకి పోవాలి.

2. నీళ్ళు 100 డిగ్రీల దగ్గర మరిగాయని రాసిన రికార్డును తిప్పి పంపండి.

కర్నూలు సముద్రమట్టానికి సుమారు 270 మీటర్ల ఎత్తులో ఉంది. ఆ ఎత్తులో నీళ్ళు 99 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. బడిలో ఉండే థర్మామీటర్లు ఒకటి రెండు డిగ్రీలు తేడా చూపించడం మామూలే. అయినా ప్రతి రికార్డులోనూ 100 ఉంటుంది. ఆ అంకె వాళ్ళు చూసిందీ కాదు, ఊహించిందీ కాదు, పుస్తకం నుంచి ఎత్తి రాసింది. 97 అని రాసిన పిల్లకు మార్కు తగ్గించామంటే, ఆమె మళ్ళీ ఏనాడూ థర్మామీటరు వైపు చూడదు. ఈ విషయంలో పరీక్షకులు కఠినంగా ఉండాల్సింది పిల్లల మీద కాదు, ఎత్తిరాతను మెచ్చుకునే మన అలవాటు మీద.

3. జేబులో రాయి తెచ్చిన పిల్లవాణ్ణి ఎగతాళి చేయకండి.

తొలకరి పడితే జొన్నగిరి, తుగ్గలి చుట్టుపక్కల చేలల్లో జనం తలలు వంచుకొని నడుస్తుంటారు. వాన మట్టిని కడిగితే రాళ్ళు పైకి తేలతాయి, అందులో వజ్రం ఉంటుందని ఆశ. అప్పుడప్పుడు నిజంగా దొరుకుతాయి కూడా. అందుకే ఆ ఊళ్ళ పిల్లలు ‘సార్, వజ్రం దొరికె!’ అంటూ పరుగెత్తుకొస్తారు.

రాయిని బల్ల మీద పెట్టించండి. ఏం కనబడుతోందో చెప్పించండి. ఎండలో మెరుస్తోంది. అవతల వేలు పెడితే మసకగా కనిపిస్తోంది. ఒక అంచు పదునుగా ఉంది. గాజు ముక్క మీద గీస్తే గీత పడింది. గీత పడగానే చప్పట్లు కొడతారు, సందేహం తీరిపోయిందని. అప్పుడు మన పొలం గట్టు మీది మామూలు పలుగురాయి ఇచ్చి అదే గాజు మీద గీయించండి. అదీ గీస్తుంది. ఇద్దరూ పాసయ్యే పరీక్ష పెట్టి ఎవరు గొప్పో తేల్చలేం కదా. పిల్లల ముఖాల్లో ఆ క్షణాన కనబడే ఆలోచన కోసమే నేను ఇన్నేళ్ళు ఈ ఉద్యోగం చేశాననిపిస్తుంది.

ఆ తర్వాత సాంద్రత దగ్గరికి రండి. దారం కట్టి గాలిలో ఒకసారి, నీళ్ళలో ఒకసారి తూయించాలి. పలుగురాయి 2.65 దగ్గర, వజ్రం 3.5 దగ్గర తేలతాయి. చిన్న రాయి బడి త్రాసుకు అందదు, పెద్ద పలుగురాయితో లెక్క నేర్పండి. ఒకవేళ 3.5 వచ్చినా వజ్రమని రాయనివ్వకండి, టోపాజ్ సాంద్రత కూడా ఇంచుమించు అంతే. ‘పలుగురాయి కాదు’ అని మాత్రం రాయొచ్చు. నేను పిల్లలతో అనిపించే ప్రశ్న ఒక్కటే: ఇదే కనబడటానికి ఇంకేమి కారణాలు ఉండొచ్చు?

4. వీలైతే జ్వాలాపురం తీసుకెళ్ళండి.

బనగానపల్లె దగ్గర జుర్రేరు లోయలో ఉంది. ఇప్పుడు నంద్యాల జిల్లా. ఈ చోటు చూడని సైన్సు టీచరు మన ప్రాంతంలో ఉండకూడదని నా కోరిక. అక్కడ బూడిద తవ్విన గుంతల గోడల్లో నేలపొరలు చారలు చారలుగా కనబడతాయి. ఒక పొర మిగతా మట్టిలా ఉండదు. తెల్లగా ఉంటుంది, నలిపితే మెత్తగా పిండిలా రాలుతుంది. కొన్నిచోట్ల దాని మందం రెండున్నర మీటర్లు.

ఇంతవరకూ కన్ను చెప్పింది. ఇక అనుమితి మెట్లు ఎక్కాలి. సూక్ష్మదర్శినిలో ఆ బూడిద పదునైన గాజు పెంకుల్లా కనిపిస్తుంది; దాని రసాయన కూర్పు సుమత్రాలోని టోబా అగ్నిపర్వతం బూడిదతో సరిపోయింది. టోబా ఇక్కడికి రెండున్నర వేల కిలోమీటర్లకు పైన దూరం. పేలింది సుమారు 74 వేల ఏళ్ళ కిందట. కాబట్టి ఇది టోబా బూడిదే అనడం గట్టి మెట్టు. మరి రెండున్నర మీటర్లూ ఆకాశం నుంచే పడిందా? పిల్లలు వెంటనే అవునంటారు. కాదు, చుట్టుపక్కల వాలుల మీద పడిన బూడిద చాలావరకు వానలకు కొట్టుకొచ్చి లోయలో పేరుకుంది.

అసలు సంగతి ఆ పైన ఉంది. మైకేల్ పెట్రాగ్లియా, ధార్వాడకు చెందిన రవి కోరిశెట్టర్, వాళ్ళ సహచరులు ఆ బూడిద పొర కిందా, పైనా కూడా రాతి పనిముట్లు తవ్వి తీశారు. రెండింటి తయారీ పద్ధతిలో పోలిక కనబడింది. 2007లో ‘సైన్స్’ పత్రికలో అచ్చయిన వాళ్ళ వ్యాసం ప్రకారం, ఇక్కడి మనుషులు ఆ ఉత్పాతాన్ని తట్టుకొని బతికారు, వాళ్ళు మనలాంటి ఆధునిక మానవులే కావొచ్చు. 2013లో పాల్ మెల్లర్స్, ఇంకొందరు ఒప్పుకోలేదు. ఆధునిక మానవులు ఈ గడ్డకు టోబా తర్వాతే వచ్చారు, ఆ పాత పనిముట్లు వేరే జాతి మనుషులవి అయి ఉండాలన్నారు. పనిముట్ల పక్కన మనిషి ఎముకలు దొరకలేదు మరి. రాళ్ళు అవే, బూడిద అదే, ఎవరూ ఎవరినీ అబద్ధం చెప్పావనలేదు. తగాదా అంతా పైమెట్టు మీద. ఇది చెప్పాక పిల్లలకు ఒక పని ఇస్తాను: బూడిద టోబాది, మందం వాన వల్ల, మనుషులు బతికారు, వాళ్ళు ఆధునిక మానవులు — ఈ నాలుగింటినీ గట్టిదానితో మొదలుపెట్టి వరసలో రాయండి, ఎందుకో పక్కన రాయండి. ఒక పీరియడ్ చాలదు.

5. ‘కనబడలేదు’ వేరు, ‘లేదు’ వేరు.

జ్వాలాపురానికి దగ్గర్లోనే యాగంటి గుడి. అగస్త్యుడి శాపం వల్ల అక్కడ కాకి వాలదంటారు. గుడికి తీసుకెళ్ళినప్పుడు పిల్లలతో నోటుబుక్కులో రాయించండి: ఏ గంట నుంచి ఏ గంట దాకా ఉన్నాం, ఎన్ని పిట్టల్ని చూశాం, అందులో కాకులెన్ని. కాకి కనబడకపోతే ‘మేమున్నంతసేపూ కనబడలేదు’ అని రాస్తే చాలు. భక్తి జోలికి పోనక్కర్లేదు.

ఈ తేడా బరువు తెలియాలంటే కడప జిల్లా కలివికోడి కథ చెప్పాలి. 1848లో థామస్ జెర్డాన్ లోకానికి చెప్పిన పిట్ట. 1900 తర్వాత శాస్త్రవేత్తలెవరికీ కనబడలేదు. అంతరించిపోయిందనుకున్నారు. 1986 జనవరిలో లంకమల అడవి అంచున, రెడ్డిపల్లె దగ్గర మళ్ళీ దొరికింది. బాంబే నాచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ వెతుకుతుంటే, దాన్ని పట్టి ఇచ్చింది ఐతన్న అనే స్థానికుడు. అది రాత్రిపూట ముళ్ళపొదల మధ్య తిరిగే పిట్ట, అంతకుముందు వెతికినవాళ్ళు పగలు వెతికారు. తర్వాత పరిశోధకులు పొదల మధ్య మెత్తటి మట్టి పట్టీలు పరిచి, తెల్లారి పాదముద్రలు కొలిచారు. అది తీతువు అడుగా, కలివికోడి అడుగా అన్నది కొలతతో తేల్చాల్సిందే. పిట్టను చూడకుండానే పిట్ట వచ్చిందని చెప్పగలిగారు. అనుమితి అంటే చులకన వద్దని కూడా ఈ కథే చెబుతుంది.

6. ఇంటి నమ్మకాల దగ్గర మెత్తగా నడవండి.

మన సీమలో బోరు వేసేముందు అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకొని నీళ్ళు చూసేవాళ్ళుంటారు. కాయ నిలబడింది, అది చూసినది. కింద నీళ్ళున్నాయి, అది అనుకున్నది. పిల్లవాడు ఇంటికెళ్ళి నాయన్ను వెక్కిరిస్తే సైన్సు ఆ ఇంట్లో అడుగుపెట్టదు. దానికి బదులు ఊళ్ళోని బోర్లను రెండు జాబితాలుగా రాయించండి: కాయతో చూపించి వేసినవి, చూపించకుండా వేసినవి. లోతు ఎన్ని అడుగులు, నీళ్ళు పడ్డాయా లేదా. రెండో జాబితా లేకుండా మొదటిది ఏమీ చెప్పదు. రాసుకురావడం అంత తేలిక కాదు. నీళ్ళు పడని బోరు గురించి మాట్లాడటానికి రైతుకు మనసొప్పదు. అడిగేటప్పుడు అప్పు సంగతి ఎత్తొద్దని చెప్పి పంపండి.