ఓపిక లేదంటే సరిపోదు చెల్లీ!

చెల్లీ, ఆదివారం పుస్తకం చేతికి రాగానే గళ్ళనుడికట్టు దగ్గర పెన్ను పట్టుకు కూర్చునే నీలాంటివాళ్ళంటే నాకెంత ఇష్టమో! 1913 డిసెంబర్ 21న న్యూయార్క్ పత్రికలో ఆర్థర్ విన్ వేసిన ఆట మన భాషలో ఎంత చక్కగా ఒదిగిందో చూడు. శ్రీశ్రీ పదబంధ ప్రహేళిక కూర్చారు. మన విజయనగరంలో చదువుకున్న ఆరుద్ర గళ్ళనుడికట్టు కట్టారు. ఒత్తులూ గుణింతాలూ కలిసి ఒకే గడిలో ఇమిడిపోతాయి కాబట్టి ‘నిస్త్రాణ’కు మూడు గళ్ళు చాలు.

ఈ వారం ముచ్చట అలాంటి మాటల గురించే. ఆధారం ‘బలహీనత’ అని ఉందనుకో. రెండు గళ్ళయితే శోష. మూడయితే నీరసం, నిస్త్రాణ, దౌర్బల్యం. నాలుగయితే బడలిక, అలసట, నిస్సత్తువ, అశక్తత. అడ్డం, నిలువు అక్షరాలు పడితేగానీ ఏది సరైనదో తేలదు.

ఒంట్లోనూ ఇవి వేరువేరే. అలసట పని చేస్తే వచ్చేది, బడలిక ప్రయాణం చేస్తే వచ్చేది. రెండూ కంటినిండా నిద్రపోతే తీరతాయి. నీరసమంటే రసం లేకపోవడం. తిండి తప్పినా, జ్వరం పడి లేచినా వస్తుంది. శోషంటే ఎండిపోవడం. మండుటెండలో తిరిగితే వచ్చి, కూలదోసేస్తుంది. నిస్సత్తువ మాత్రం రోజుల తరబడి వదలదు. చెయ్యాలనున్నా చెయ్యలేకపోతే అశక్తత.

ఇన్ని మాటలుండీ మన ఆడవాళ్ళం ‘ఓపిక నేదే అప్పా’ అనేసి మళ్ళీ పనిలో పడిపోతాం. చంపావతి నది పక్క పొలాలకు వెళ్ళొచ్చే అప్పా అదే అంటుంది, మిల్లు షిఫ్టు వేళకు క్యారేజీ కట్టే వదినా అదే అంటుంది. పడుకుని లేచినా తీరలేదంటే ఆగి చూసుకోవాలి. నాలుగు మెట్లెక్కితే ఆయాసం, కళ్ళు బైర్లు కమ్మడం, గోళ్ళు పాలిపోవడం ఉంటే రక్తహీనత కావచ్చు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 58.8 శాతం మందికి అది ఉంది. హిమోగ్లోబిన్ 12 గ్రాములకు తగ్గితే, గర్భిణికైతే 11కు తగ్గితే, రక్తహీనతే.

ఒక్క రక్తపరీక్షతో తెలిసిపోతుంది. మన నెల్లిమర్లలోనే మహారాజా వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. డాక్టరు ఐరన్ మాత్రలిస్తే మధ్యలో మానకు. విరేచనం నల్లగా అయినా భయపడకు, అది మాత్ర వల్లే. మాత్ర వేసుకున్న వేళకు, అన్నం తిన్న వేళకు దగ్గర్లో టీ పెట్టుకోకు, ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. తోటకూర, చిమ్మిలి, చోడి అంబలి తిను. కూరలో నిమ్మకాయ పిండుకుంటే ఇనుము బాగా పడుతుంది.

ఇంకో మాట. ‘స్త్రీ, మూడక్షరాలు’ అని కనబడగానే చెయ్యి ‘అబల’ అని రాసేస్తుంది. బలం లేనిదని అర్థం. మహిళ, వనిత కూడా మూడక్షరాలే కదా! ఆడదానికి నీరసం సహజమేలే అని ఇంట్లోవాళ్ళూ మనమూ సరిపెట్టుకుంటున్నది ఆ ‘అబల’ను నమ్మే. రక్తం తక్కువైతే అది జబ్బు, దానికి మందుంది.

అందుకే ఈ ఆదివారం గళ్ళు నింపాక అమ్మనో, అత్తనో, ఎదిగిన కూతుర్నో పక్కన కూర్చోబెట్టుకుని అడుగు: అలసటా, నీరసమా, ఎన్నాళ్ళ నుంచి? వాళ్ళు చెప్పింది విని, సోమవారం పరీక్షకు తీసుకెళ్ళు. నువ్వూ చేయించుకో చెల్లీ.