నెత్తుటిలో వాపు జాడ

గత సంవత్సరము మన పొదటూరుపేటలో మగ్గము నేయు తండ్రి యొకరు రెండు పరీక్ష కాగితములను నా చేతి కిచ్చి, "అయ్యవారూ, మొన్న నలుబది యెనిమిది, నేడు మూడు. పిల్లవానికి నయమైనట్లే గదా?" అని యడిగిరి. ఆ కాగితములు రెండు వేర్వేరు పరీక్షశాలలవి. కొలిచినది మాత్రము ఒకటే, సి.ఆర్.పి.

దేహమున సూక్ష్మజీవులు చొచ్చినను, గాయమైనను ఆ చోట ఎఱుపు, వాపు, వేడి, నొప్పి కలుగును. అప్పుడు కాలేయము ఈ మాంసకృత్తును విస్తారముగా రక్తములోనికి విడుచును. 1930లో న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ సంస్థలో టిల్లెట్, ఫ్రాన్సిస్ అను వారు న్యుమోనియా రోగుల రక్తరసమున దీని జాడ కనుగొనిరి.

అంతకు పూర్వమే ఇ.ఎస్.ఆర్. పరీక్ష కలదు. గడ్డకట్టని నెత్తుటిని నిలువు గొట్టములో గంటసేపు ఉంచి, ఎఱ్ఱకణము లెన్ని మిల్లీమీటర్లు దిగినవో చూతురు. వాపున్నచో అవి నాణెముల దొంతరవలె అంటుకొని వేగముగా దిగును. అయితే రక్తహీనత యున్నను దిగును. రోగము తగ్గిన పిమ్మట కూడ కొన్ని వారములు హెచ్చుగనే యుండవచ్చును. సి.ఆర్.పి. యట్లు కాదు. కొన్ని గంటలలోనే పెరుగును. కారణము తొలగినచో రమారమి 19 గంటల కొకమారు సగమగును. కావున మందు పనిచేయుచున్నదో లేదో వైద్యునకు త్వరగా తెలియును.

దీనిని కొలుచుటకు సులభమైన దారి యొకటి కలదు. ప్రతిరక్షకములు పూసిన సన్నని లేటెక్సు రేణువులను నల్లని పలకపై రక్తరసపు చుక్కతో కలిపి, రెండు నిమిషములు ఊపుదురు. సి.ఆర్.పి. హెచ్చుగా నున్నచో పాలు విఱిగినట్లు పలుకులు కట్టును. విచిత్రమేమనగా, అది మితిమీరి యున్నచో ఒక్కొక్కప్పుడు పలుకులే కట్టవు! అందుచే రసమును పలుచన చేసి మరల చూడవలెను. యంత్రములో నైతే ఆ మసక గుండ వెలుతు రెంత తగ్గినదో కొలిచి అంకె చెప్పుదురు. భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు 1925లో ఫిస్క్‌తో కలిసి ప్రకటించిన భాస్వరపు పరీక్షలో రంగు గాఢతను కొలిచిరి. ఇచట కొలుచునది మసకను.

ఇక ఆ రెండు కాగితములు. అంకె ప్రక్కన చిన్న యక్షరములతో మొదటిదానిలో లీటరుకు మిల్లీగ్రాములనియు, రెండవదానిలో డెసిలీటరుకు, అనగా లీటరులో పదవవంతుకు, మిల్లీగ్రాములనియు ఉన్నది. లెక్క సరిచేసినచో నేటి మూడు, ముప్పది! తగ్గినమాట నిజమే, ఆరోగ్యవంతులలో సాధారణముగా పదికి లోపే యుండును. పిల్లవానికి మందు మానవలదని చెప్పి, ఆ సాయంకాలమే వారిని రెండు కాగితములతో వైద్యుని యొద్దకు పంపితిని.