పక్షి తిన్నా సదఖాయే

ఒక ముస్లిం చెట్టు నాటితే, దానినుండి మనిషి తిన్నా, పశువు తిన్నా, పక్షి తిన్నా అది అతని ఖాతాలో సదఖాగా జమ అవుతుందన్న భావం గల హదీసు హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖనంతో బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. మనలో చాలామందికి ఇది తెలిసిందే. కాని పక్షి ప్రస్తావన దగ్గర మనం ఆగి ఆలోచించము. ఏ చెట్టయితేనేం అనుకుంటాము.

ఈ విషయం బోధపడాలంటే పుదుచ్చేరి ప్రక్కనున్న ఆరోవిల్‌ను చూడాలి. 1968లో ఆ ఊరు వెలిసేనాటికి అక్కడ అడవి పోయి, ఎర్రనేల కోసుకుపోయి గండ్లు పడి ఉండేది. వాన కురిస్తే మట్టి సముద్రం పాలయ్యేది. తొలుత వచ్చిన యువకులు బ్రతికే మొక్క ఏదైతే అది నాటారు. ఆస్ట్రేలియా తుమ్మ త్వరగా ఎదిగి నీడనిచ్చింది, రాలిన ఆకుతో నేల కుదుటపడింది. ఆ మేలు కాదనలేము. అయితే 2011 డిసెంబరులో థానే తుఫాను వచ్చినప్పుడు విరివిగా కూలినవి ఆ తుమ్మలే. ఆ నేలలో పుట్టిన జాతులు మెరుగ్గా తట్టుకున్నాయి.

2003లో అక్కడే 70 ఎకరాల పాడునేలలో 'సాధన ఫారెస్ట్' మొదలైంది. దేశదేశాల నుండి వచ్చిన యువ వాలంటీర్లు పాకల్లో ఉంటూ పనిచేశారు. మొక్క కంటే ముందు పలుగూ పారా పట్టాలి మరి! వాలుకు అడ్డంగా కట్టలు వేసి, కందకాలు త్రవ్వి, వాననీటిని అక్కడే ఇంకనిచ్చారు. ఆపైన స్థానిక మొక్కలు నాటుతూ వచ్చారు. వేసవిలోనూ పచ్చగా ఉండే ఈ తీరపు అడవిలో పాల, అల్లి, నేరేడు వంటి చెట్లుంటాయి. పండు తిన్న బుల్‌బుల్ పిట్ట గింజను మరోచోట వదులుతుంది, అక్కడ మరో మొక్క లేస్తుంది. అంటే సదఖా తిన్న పక్షే దాన్ని పెంచుతోంది!

ఈ హదీసు విననివారు సైతం ఇంత శ్రమ పడ్డారు. మన యువకులు మాత్రం ఒకరోజు మొక్క నాటి, ఫోటో దిగి, వేసవిలో ఒక బిందె నీళ్ళు పోయడం మరచిపోతారు. ఇది మమ్మల్ని బాధిస్తుంది.

ఈ కోవకు చెందిన అడవి మన శ్రీహరికోటలోనూ ఉంది. కోస్తాలోని మన మదర్సాలు, ఈద్‌గాహ్‌ల ఖాళీ జాగాల్లో నేరేడుతో ప్రారంభించవచ్చు. జూన్, జులైలో పండు తిన్నాక గింజను ఎండబెట్టకుండా వెంటనే సంచిమట్టిలో పెట్టాలి. ఎండిన గింజ మొలవదు.