సగ్గుబియ్యంలా ఉడికే నగలు

పోయిన మే నెలలో ఒక మధ్యాహ్నం, ఆఫీసులో అన్నం తింటుండగా ఫోను మోగింది. "అక్కా, మీ దగ్గర కొన్న నెమలి పతకం సాగిపోయింది. మెడ వేలాడిపోయి కోడిలా ఉంది."

"ఎక్కడ పెట్టావమ్మా?"

"కార్లోనే. ఆఫీసు బయట ఎండలో ఉంది. మెడ చిరాకుగా ఉంటే తీసి స్టీరింగ్ ముందు పెట్టాను."

తప్పు ఆ అమ్మాయిది కాదు, నాది. అమ్మేటప్పుడు ఒక్క మాట చెప్పి ఉండాల్సింది. ఆ పతకం సుమారు 60 డిగ్రీల వేడికి మెత్తబడే ప్లాస్టిక్‌తో చేసింది. మన ఎండాకాలంలో అద్దాలు బిగించి ఎండలో నిలిపిన కారు డ్యాష్‌బోర్డు ఆ వేడిని సులువుగా దాటేస్తుంది.

నేను వారంలో ఆరు రోజులు లెక్కలు చూసే ఉద్యోగిని. ఆదివారాలు గింజల రూపంలో దొరికే ఈ ప్లాస్టిక్‌తో లోలకులు, పతకాలు, గుమ్మం అలంకరణలు చేసి అమ్ముతాను. తోటి ఉద్యోగులు తరచూ అడుగుతుంటారు: "మేమూ మొదలుపెట్టొచ్చా? ఎంత మిగులుతుంది?" మొదలుపెట్టొచ్చు. ఈ పదార్థం నేర్చుకునేవాళ్లను క్షమిస్తుంది. చేసింది నచ్చకపోతే మళ్లీ వేడినీళ్లలో వేస్తే ముద్దైపోతుంది. కొన్నవాళ్లకు మాత్రం ఆ సౌకర్యం లేదు. ఈ వ్యాపారంలో చిక్కంతా ఆ తేడాలోనే ఉంది.

దీని అసలు పేరు పాలీకాప్రోలాక్టోన్. బజారులో పాలీమార్ఫ్, ఇన్‌స్టామార్ఫ్, షేప్‌లాక్ లాంటి పేర్లతో దొరుకుతుంది. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు బ్రాండు పేరు కన్నా ఎన్ని డిగ్రీలకు కరుగుతుందో చూడండి. 60 దరిదాపుల్లో ఉంటే ఇదే. కొత్త పదార్థమేమీ కాదు. చెయ్యి విరిగినవాళ్లకు కొన్నిచోట్ల వేడినీళ్లలో మెత్తబరిచి చేతికి సరిపడా వంచి కట్టే తేలికపాటి పట్టీలున్నాయి కదా, కేన్సర్ ఆస్పత్రుల్లో రేడియేషన్ ఇచ్చేటప్పుడు తల కదలకుండా ముఖం మీద బిగించే జల్లెడ మాస్కులున్నాయి కదా, వాటిలో చాలావరకు ఈ ప్లాస్టిక్‌తోనే చేస్తారు. రోగి ముఖం మీద వేయగలిగినంత తక్కువ వేడికే లొంగుతుంది కాబట్టే మన వంటింటి బల్ల మీదా పని జరుగుతుంది.

గింజలు చూడటానికి అచ్చం సగ్గుబియ్యమే. ఉడకడం కూడా అలాగే. స్టీలు గిన్నెలో రెండు గ్లాసుల మరిగిన నీళ్లకు ఒక గ్లాసు చల్లనీళ్లు కలిపితే 70 డిగ్రీల చుట్టుపక్కలకు వస్తుంది, అది చాలు. గింజలు వేసి ఒకటి రెండు నిమిషాలు ఆగండి. తెల్లదనం అంచుల నుంచి లోపలికి కరుగుతూ పోతుంది. నడిమధ్యలో చిన్న తెల్ల చుక్క మిగులుతుంది, ఆఖరికి అదీ పోయి గింజ అద్దంలా అవుతుంది. ఆ చుక్క పోకముందే తీస్తే ముద్దలో పలుకులు తగులుతాయి. పూర్తిగా తేటపడ్డాక స్టీలు చెంచాతో ఒకదానికొకటి అంటించి పైకి తీయాలి. వెంటనే పిడికిట్లో పిసకొద్దు. ముద్ద మడతల్లో వేడినీళ్లు దాక్కుని ఉంటాయి, కాలేది వాటితోనే. చెంచాతో నొక్కి నీళ్లు కార్చి, రెండు మూడు సార్లు గాల్లో ఆడించి అప్పుడు పట్టుకోండి. పిల్లలు ఆడుకునే బంకమన్ను అనుకుని వాళ్ల చేతికిస్తారేమో, నీళ్ల దగ్గరికి వాళ్లను రానివ్వకండి.

గిన్నె స్టీలుదో గాజుదో పింగాణీదో కావాలి. నేను మొదటిసారి ప్లాస్టిక్ మగ్గులో పోశాను. గింజలు అడుగున మగ్గుకు అతుక్కుని ఇప్పటికీ అలాగే ఉన్నాయి, ఆ మగ్గుతోనే మొక్కలకు నీళ్లు పోస్తున్నాను. వేడి ముద్ద చాలారకాల ప్లాస్టిక్‌కు, గుడ్డకు, నూనె రాయని చెక్కకు పట్టుకుంటుంది. చపాతీ కర్రకు బదులు తడి స్టీలు గ్లాసుతో పాముకోండి. చాక్లెట్లు పోసే సిలికాన్ అచ్చులకు మాత్రం అంటదు. ఇంకొక సంగతి, ఆ నీళ్లను సింకులో పారబోయకండి. కరిగిన తునకలు గొట్టంలోకి వెళ్లి చల్లబడితే అక్కడే గట్టిపడి కూర్చుంటాయి. టీ జాలీతో వడకట్టండి. ఈ పనికి వాడిన గిన్నె, జాలీ మళ్లీ వంటకు వాడొద్దు.

ముద్ద చేతికొచ్చాక సుమారు పూరీ పిండి గట్టితనంలో, కొంచెం సాగేలా ఉంటుంది. పరిమాణాన్ని బట్టి రెండు నుంచి ఐదు నిమిషాల సమయం దొరుకుతుంది. పేరుకుంటున్న నెయ్యిలా అంచుల్లో తెల్లబడటం మొదలైతే ఆపేయండి. ఇంకా వంచితే మడతలు పడతాయి. మళ్లీ నీళ్లలో ముంచి మొదలెట్టుకోవడమే.

రంగు వేడిగా ఉన్నప్పుడే కలపాలి. మెరుపు మైకా పొడి గానీ, పొడి పిగ్మెంటు గానీ చిటికెడు చల్లి పిండి కలిపినట్టు మడతపెట్టి పిసకాలి. వేడిమీద తేటగా ఉన్న ముద్దలో మీకు కనిపించే ముదురు రంగు, చల్లారి తెల్లబడ్డాక పాలు కలిపినట్టు లేతగా మారిపోతుంది. కుంకుమ రంగు కావాలనుకుంటే గులాబీ వస్తుంది. బఠాణీ గింజంత ముక్కను ముందు చల్లార్చి చూసుకోకుండా పెద్ద ముద్దలో రంగు కలపొద్దు. గోళ్ల రంగులోని ద్రావకాలు పైపొరను మెత్తబరచొచ్చు. ముందు పారేసే ముక్క మీద చూసుకోండి. యాక్రిలిక్ రంగు నున్నటి పైపొర మీద నిలవదు, పెచ్చులూడుతుంది. తడిపిన గరుకు కాగితంతో రుద్ది గరుకు చేశాకే వేయాలి. పొడి గరుకు కాగితంతో రుద్దితే ఆ రాపిడి వేడికే ప్లాస్టిక్ మెత్తబడి కాగితానికి అంటుకుంటుంది. డ్రిల్లుతో రంధ్రం వేస్తే అదే గతి. అల్లికల సూదికి చుక్క నూనె రాసి, ముద్ద మెత్తగా ఉండగానే రంధ్రం చేసి పెట్టుకోవడం మేలు.

రాళ్లు పొదగడం నేర్చుకోవాలంటే ఏ వీడియో కన్నా చార్మినార్ పక్కన లాడ్ బజారులో లక్క గాజులు చేసేవాళ్ల దగ్గర పది నిమిషాలు నిలబడటం మంచిది. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. వాళ్లు లక్కను నిప్పుల సెగ మీద మెత్తబరిచి, సన్నగా పాముతూ గాజుకు చుట్టి, వెచ్చదనం పోకముందే ఒక్కో రాయిని అద్దుతారు. చల్లబడితే గాజునంతా మళ్లీ కరిగించరు, కావలసిన చోట మాత్రం సెగ చూపిస్తారు. నేను ఒకటికి నాలుగుసార్లు చూసి నేర్చుకున్నది అదే. లోలకం మొత్తాన్ని నీళ్లలో ముంచితే అప్పటిదాకా చేసిన ఆకారం పోతుంది. హెయిర్ డ్రయ్యర్ దగ్గరగా పెడితే పలచని అంచు ఒక్కటే మెత్తబడుతుంది. రాయిని కూడా కాస్త వెచ్చబరిచి ట్వీజర్‌తో పట్టుకుని నొక్కండి, చల్లటి రాయి తగిలిన చోట ప్లాస్టిక్ వెంటనే బిగుసుకుపోతుంది. వెనక వెండి పూత ఉన్న అద్దపు రాళ్లను మాత్రం నీళ్లలో ముంచొద్దు. రాయి చుట్టూ సన్నటి గట్టు పైకి లేచి రాతిని కరిచిపట్టాలి. గట్టు లేకపోతే వారం తిరిగేలోపు ఊడిపోతుంది.

రెండు ముక్కల్ని అతికేటప్పుడు రెండూ వేడిగా, రెండూ పొడిగా ఉండాలి. మధ్యలో నీటి తడి ఉంటే పైకి అతికినట్టే ఉండి, తగిలించుకోగానే విడిపోతుంది. నా మొదటి పది జతల్లో మూడు ఇలాగే వెనక్కి వచ్చాయి. చెవి హుక్కులకు స్టెయిన్‌లెస్ స్టీలో వెండో వాడండి. చవకరకం హుక్కుల్లో నికెల్ చాలామంది చెవులకు పడదు, దురద వస్తుంది. మీ డిజైన్ ఎంత బాగున్నా కొన్నావిడ రెండోసారి రాదు.

ఆకుల ముద్ర నాకు బాగా అమ్ముడుపోయిన రకం. లేత ఆకు పనికిరాదు, ముదిరిన రావి ఆకో జామ ఆకో కావాలి. ఆకు వెనకవైపు ఈనెలు ఉబ్బెత్తుగా ఉంటాయి. ఆ వైపుకు పల్చగా కొబ్బరినూనె రాసి, మూడు మిల్లీమీటర్ల మందంతో పాముకున్న వేడి పలక మీద నొక్కి, పైన తడి గ్లాసును ఒకసారి దొర్లించి కదపకుండా వదిలేయండి. పూర్తిగా తెల్లబడ్డాక ఆకు లాగేస్తే ఈనెలన్నీ గాడుల్లా దిగి ఉంటాయి. గాడుల్లో రాగి రంగు నింపి పైన తుడిచేస్తే పాత ఇత్తడి నగలా కనిపిస్తుంది. ఒకే అచ్చు మీద తీసిన వంద జతల కన్నా ఒకదానికొకటి పోలిక లేని ఈ పది జతలకే ఎక్కువ ధర పలుకుతుంది.

గుమ్మాల అలంకరణలు చేసేవాళ్లకు ఒక హెచ్చరిక. పడమటి ఎండ తగిలే తలుపుకు ఇవి పనికిరావు. దీపం పక్కన అసలే వద్దు. బొమ్మల కొలువుకు చిన్న పండ్లు, పక్షులు బాగుంటాయి, అయితే కొలువులో పెట్టే దీపానికి దూరంగా సర్దమని చెప్పి ఇవ్వండి. బతుకమ్మ కోసం ప్లాస్టిక్ పూలు చేయమని ఒకరు అడిగారు. నేను చేయలేదు. తంగేడు, గునుగు పూసే రోజుల్లో వాటికి ప్లాస్టిక్ నకలెందుకు? ఇది నా పట్టుదల మాత్రమే, మీరు పాటించాలని లేదు. అలాగే ఈ ప్లాస్టిక్ మట్టిలో సూక్ష్మజీవుల వల్ల కాలక్రమంలో కుళ్లిపోయే రకమే అయినా, అట్టపెట్టె మీద 'పర్యావరణ హితం' అని నేను రాయను. డ్రాయరులో పడి ఉన్న లోలకం కుళ్లదు.

ఇక డబ్బుల సంగతి. మూడు సెంటీమీటర్ల వెడల్పు, మూడు మిల్లీమీటర్ల మందం ఉన్న గుండ్రటి బిళ్లకు సుమారు రెండున్నర గ్రాములు పడుతుంది. జతకు ఐదు. మీ ప్యాకెట్ ధరను గ్రాములతో భాగించండి. గ్రాము మూడు రూపాయలు పడిందనుకుందాం, పదిహేను రూపాయలు. హుక్కులు, రంగు పది. డబ్బా, చీటీ పదిహేను. ఇక్కడిదాకా అందరూ వేస్తారు. పాతిక నిమిషాల మీ శ్రమను గంటకు నూట ఇరవై చొప్పున లెక్కవేసి యాభై కలిపేవాళ్లు తక్కువ. అది కలిపితే అసలు ఖర్చు తొంభై. స్టాలు అద్దె, మిగిలిపోయే సరుకు, బేరాలు చూసుకుంటే దానికి రెట్టింపుకు తక్కువ అమ్మితే ఆదివారం ఊరికే పోయినట్టే. పాడైన ముక్క మళ్లీ కరుగుతుంది కాబట్టి నష్టం లేదని కొందరంటారు. ప్లాస్టిక్ తిరిగొస్తుంది, పాతిక నిమిషాలు తిరిగిరావు. మొదటి రెండు నెలలు పాడైనవాటి సమయం కూడా ఒక పుస్తకంలో రాసుకోండి.

ఉద్యోగం పక్కన పెట్టుకుని చేసే పని కాబట్టి ముందు మీ నియామక పత్రం తీసి చదవండి. బయట వేరే ఆదాయం ఉండకూడదనే షరతు చాలా కంపెనీల పత్రాల్లో ఉంటుంది. ప్రభుత్వ ఉద్యోగులైతే 1964 నాటి ప్రవర్తనా నియమావళి ప్రకారం అనుమతి లేకుండా వ్యాపారం చేయకూడదు. భార్య పేరు మీద పెట్టేస్తే సరిపోతుందనుకోకండి, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు ఇంట్లోవాళ్ల వ్యాపారం గురించి కూడా తెలియజేయాలి. చిన్న వ్యాపారాలకు ఉండే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ప్రభుత్వ పోర్టల్‌లో ఉచితం. డబ్బులడిగే మధ్యవర్తి మీకు అక్కరలేదు. వచ్చింది ఎంత చిన్న మొత్తమైనా వ్యాపార ఆదాయమే. జీతగాళ్లు వేసే సహజ్ ఫారంలో అది పట్టదు, రిటర్న్ వేసే ముందు గుర్తుపెట్టుకోండి. అమ్మకాలు జీఎస్టీ పరిమితికి లోపే ఉన్న చిన్నవాళ్లు కూడా 2023 అక్టోబరు 1 నుంచి జీఎస్టీ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకుని ఆన్‌లైన్ అంగళ్ల ద్వారా సొంత రాష్ట్రంలో అమ్ముకోవచ్చు. ఆ అంగళ్ల ద్వారానే పొరుగు రాష్ట్రానికి పంపాలంటే జీఎస్టీ నంబరు కావాలి. హైదరాబాద్‌లో ఉండి విజయవాడ నుంచి ఆర్డరు వచ్చిందని సంబరపడేవాళ్లకు ఈ సంగతి తెలిసుండాలి.

నెమలి పతకం కొరియర్లో తిరిగొచ్చింది. కరిగించి మళ్లీ చేద్దామనుకున్నాను గానీ, పైన వేసిన బంగారు రంగు ముద్దలోకి కలిసిపోయి బూడిద రంగు తేలింది. రంగు ముందే గీకేయాల్సింది. ఆ ముద్దను రాళ్లు పొదగడం సాధన చేసుకోవడానికి పక్కన పెట్టి, కొత్త గింజలతో ఇంకో నెమలిని చేసి పంపాను. రెండున్నర గంటలు పట్టింది, డబ్బులు తీసుకోలేదు. అప్పటి నుంచి ప్రతి డబ్బాలో ఒక చీటీ పెడుతున్నాను: "ఎండలో నిలిపిన కార్లో, స్కూటర్ డిక్కీలో, దీపం దగ్గర పెట్టకండి. వేడినీళ్లతో కడగకండి." ఆ చీటీ చదివి స్టాలు దగ్గర ఇద్దరు కొనకుండా వెళ్లిపోయారు. చీటీ మాత్రం తీయలేదు.